అగ్నిపర్వతం సముద్రానికిచ్చిన ఓడ

బాలి ద్వీపపు ఈశాన్య తీరాన ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆకాశపు అంచున సన్నని గులాబీ చార ఒకటి మెల్లమెల్లగా వెడల్పవుతోంది. ఆ చారకు ఆనుకుని, జలసంధికి ఆవల, లొంబోక్ ద్వీపపు రింజానీ శిఖరం పొగనీలపు నీడగా తేలుతోంది. వెనుదిరిగి చూస్తే ఆగుంగ్ అగ్నిపర్వతం. 3,000 మీటర్లకు పైబడిన ఆ శిఖరం తొలి వెలుగులో రాగిరంగు పూసుకుంటోంది. నడుం చుట్టూ తెల్లని మబ్బు, మబ్బు కింద ఒకనాడు లావా పారిన లోయలు, ఆ లోయల్లో ఎండుగడ్డి, అక్కడక్కడ నిటారైన తాళవృక్షాలు. బాలి ప్రజలకు ఈ కొండ దేవతల నెలవు. దాని పాదం నేరుగా సముద్రంలోకి దిగిపోయే చోట తులంబెన్ అనే చిన్న పల్లె ఉంది.

ఈ పల్లె ఒడ్డున బంగారు ఇసుక కనిపించదు. కొండ కడుపులో కరిగి, గాలి తగిలి గడ్డకట్టి, అలల ఒరిపిడికి నున్నబడిన నల్లని గుండ్రాళ్లు తీరమంతా పరచుకుని ఉంటాయి. అల వచ్చి వెనక్కి మళ్లిన ప్రతిసారీ వేల రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లి గంభీరమైన గలగల పుట్టిస్తాయి. ఆ జారుడు రాళ్ల మీద అడుగు తడబడకుండా, బరువైన గాలి సిలిండర్లను నెత్తిన మోస్తూ ఊరి ఆడవాళ్లు నడిచి వస్తారు. ఒడ్డున చిన్న రాతి గుడి ముందు లేత ఆకులతో అల్లిన అరచేతంత పళ్లెం. అందులో ఎర్రని, తెల్లని, పసుపుపచ్చని పూలు, పక్కన సన్నగా పొగలు చిమ్మే అగరువత్తి. ఆ పొగ సముద్రం వైపే సాగుతోంది.

అది సాగే దిక్కున, ఒడ్డుకు 30 మీటర్ల దూరంలోనే, సుమారు 125 మీటర్ల పొడవైన ఓడ ఒకటి నీటి అడుగున పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దానికి తూర్పున లావా గట్టు ఒకటి సముద్రంలోకి చొచ్చుకువెళ్లి, నిట్టనిలువుగా లోతుల్లోకి జారి, పగడాలు కప్పుకున్న గోడగా నిలిచింది. ఓడను మనుషులు కట్టారు. గోడను అగ్ని కట్టింది. రెండింటినీ సముద్రానికి అప్పగించింది మాత్రం ఈ కొండే.

ఇరవై ఏళ్లు ఒడ్డున

ఆ ఓడ పేరు లిబర్టీ. 1918లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, కియర్నీ నౌకానిర్మాణ కేంద్రంలో అది నీళ్లు తాకింది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో నౌకాదళం కోసం సరుకులు మోసింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అది అమెరికా సైన్యపు రవాణా ఓడ. 1942 జనవరిలో రైలు విడిభాగాలు, రబ్బరు నింపుకుని ఆస్ట్రేలియా నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. జనవరి 11న, లొంబోక్ జలసంధి సమీపంలో, తర్వాత ఐ-166గా పేరు మారిన జపాన్ జలాంతర్గామి వదిలిన టార్పెడో దాని పొట్టను చీల్చింది. పాల్ జోన్స్ అనే అమెరికన్ డిస్ట్రాయరూ, వాన్ ఘెంట్ అనే డచ్ డిస్ట్రాయరూ గాయపడిన ఓడను తాళ్లతో లాగుతూ బాలి ఉత్తర తీరంలోని సింగరాజా రేవు వైపు నడిపించాయి. నీరు ఆగకుండా లోపలికి పోటెత్తింది. రేవు చేరేలోగా మునిగిపోతుందని తెలిసి, సరుకైనా దక్కుతుందని తులంబెన్ నల్లరాళ్ల మీదికి దాన్ని ఎక్కించారు.

అలా రెండు దశాబ్దాలు అది ఒడ్డునే ఉంది. ఉప్పుగాలి దాని ఉక్కును కొరికింది, ఎండ రంగును ఒలిచింది, వాన తుప్పును ఎర్రని చారలుగా కిందికి పారించింది. సరుకూ సామగ్రీ ఒక్కొక్కటిగా తరలిపోయి బోలు దేహం మిగిలింది. అది అలా పడి ఉన్న కాలంలోనే, 1943లో, ఎక్కడో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు కలిసి మనిషి వీపున గాలి మోసుకుని నీటి అడుగున స్వేచ్ఛగా తిరిగే పరికరాన్ని తయారుచేశారు. ఓడ ఇంకా నీటిలోకి దిగనే లేదు. దాన్ని నీటిలో చూడగలిగే ఊపిరి అప్పటికే సిద్ధమైంది.

1963లో కొండ మేల్కొంది. ఆగుంగ్ వాలు మీద బెసాకీ మహాలయం ఉంది. ఆ ఏడాది అక్కడ ఏకాదశ రుద్ర అనే మహాక్రతువు తలపెట్టారు. నూరేళ్లకొకసారి జరగాల్సిన పూజ అది. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు ఒకచోట చేరడం చూసిన తెలుగువారికి ఆ పేరు వినగానే ఒళ్లు పులకరిస్తుంది. సన్నాహాలు సాగుతుండగా ఫిబ్రవరిలో శిఖరం పొగ చిమ్మడం మొదలుపెట్టింది. మార్చి 17న మహావిస్ఫోటం. మండే బూడిద, వేడి వాయువులు, బురద వరదలు వాలుల మీదుగా ఊళ్ల మీదికి దూకాయి. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. లావా మహాలయానికి దగ్గరగా వచ్చి, దాన్ని తాకకుండా పక్కనుంచి సాగిపోయింది. ఆ కొండ ఎగజిమ్మిన సన్నని ధూళి ఆకాశపు పైపొరల్లో ప్రపంచమంతా వ్యాపించి, దూరదేశాల సాయంకాలాలకు సైతం అపూర్వమైన ఎరుపు అద్దింది. ఆ విస్ఫోటపు ప్రకంపనలకే లిబర్టీ కదిలింది. ఇరవై ఏళ్ల రాతి పడకను విడిచి, నల్లని వాలు మీదుగా జారి, కుడివైపుకు ఒరిగి, తీరానికి సమాంతరంగా నీటిలో పడుకుంది. పైభాగం ఉపరితలానికి కొద్ది మీటర్ల కిందే ఉంది. అడుగు సుమారు 30 మీటర్ల లోతున ఇసుకలో ఆనుకుంది.

ఉదయపు మంద

ఇప్పుడు నీళ్లలోకి దిగుదాం. మొదటి శ్వాస తీసుకోగానే ఒడ్డున రాళ్ల గలగల దూరమై, మన ఊపిరే మనకు వినిపించడం మొదలవుతుంది. లోపలికి తీసుకున్నప్పుడు సన్నని ఈల, వదిలినప్పుడు వెండి బుడగల గుంపు. ఆ బుడగలు పైకి పోతూ పోతూ పెద్దవై, ఉపరితలం దగ్గర అద్దపు గొడుగుల్లా విచ్చుకుని చెదిరిపోతాయి. పది మీటర్లకొకసారి నీటి బరువు ఒక వాతావరణమంత పెరుగుతుంది. ఎరుపు ముందుగా మాయమవుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి అంతులేని, మెత్తని, చల్లని నీలం ఒక్కటే మిగులుతుంది.

ఆ నీలంలో ముందుగా నేల పలుకుతుంది. నల్లని అగ్నిపర్వతపు ఇసుక మీద సన్నని కాడలు వందలుగా మొలిచి ఒకే దిక్కుకు వంగి ఊగుతుంటాయి. దగ్గరకు వెళ్తే కాడలకు కళ్లున్నాయని తెలుస్తుంది. అవి మలుగు జాతికి చెందిన గార్డెన్ ఈల్స్. తోకను ఇసుక బొరియలో దాచుకుని, సగం దేహం బయటపెట్టి, ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా అందుకుంటాయి. మన నీడ పడగానే ఆ తోటంతా నిశ్శబ్దంగా నేలలోకి ఇంకిపోతుంది. నల్లని ఇసుక మిగులుతుంది.

ఆ ఇసుక చివర, నీలం కాస్త చిక్కబడుతుంది. చిక్కబడి చిక్కబడి ఒక గోడ అవుతుంది, గోడ ఒక వంపు తిరుగుతుంది, వంపు ఒక ఓడ అవుతుంది.

ఆ క్షణాన ఓడ లోపలి నుంచే ఒక మంద బయలుదేరుతుంది. మూపురపు తల చిలుకచేపలు! ఒక్కొక్కటీ మీటరుకు మించిన పొడవు. పాచిపట్టిన కంచులా ఆకుపచ్చని దేహాలు, లేత గులాబీ ముఖాలు, నుదుటి మీద ఉబ్బిన పెద్ద గుండ్రని బుడిపె, పెదవులు మూయని తెల్లని దంతాల ముక్కు. రాత్రంతా ఇనుప గదుల నీడలో నిద్రించి, తూర్పు తెల్లబడగానే ఒకదాని వెనుక ఒకటిగా, తొందర లేకుండా, అడవి దారిన సాగే గజయూథపు గాంభీర్యంతో అవి మన పక్కనుంచి కదిలిపోతాయి. వాటి కన్ను ఒకసారి మన మీద నిలిచి, మనలో ఆసక్తి కలిగించేదేమీ లేదని తేల్చుకుని ముందుకు పోతుంది.

వాటికి ఆహారం పగడపు రాయే. ఆ ముక్కుతో పగడాన్ని కొరికితే నీటిలో టపటపమని రాయి విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గొంతులోని మరో జత దంతాలు ఆ రాతిని పిండి చేస్తాయి. అందులోని జీవం ఒంటికి పడుతుంది, మిగిలిన సున్నం తెల్లని ఇసుక మేఘంగా వెనుక రాలుతుంది. ఎదిగిన ఒక్క చేప ఏడాదికి 5 టన్నులకు పైగా దిబ్బను ఇలా నమిలి ఇసుక చేస్తుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఉష్ణమండలపు దీవుల్లో పాదాలకు హాయిగా తగిలే ఎన్నో తెల్లని తీరాలు ఒకప్పుడు ఇలాంటి చేపల కడుపులోంచి రాలిన సున్నమే. సముద్రం తన నేలను తానే విసురుకుంటుంది, తానే పరచుకుంటుంది.

ఇనుము మీద వసంతం

లిబర్టీ వీపు మీదుగా మెల్లగా తేలిపోతుంటే ఎక్కడ ఉక్కు ముగిసిందో, ఎక్కడ జీవం మొదలైందో కనుక్కోవడం కష్టం. పలకలు, దూలాలు, గొలుసు కట్లు, బాయిలర్లు అన్నీ తమ కరకు అంచులను పోగొట్టుకున్నాయి. ఒకప్పుడు శత్రువు వైపు గురిపెట్టిన ఫిరంగి గొట్టం ఇప్పుడు ఊదా స్పాంజీల కింద గుండ్రంగా ఉబ్బి ఉంది. దాని కొసన ఈకల వంటి చేతులున్న క్రైనాయిడ్ అనే జీవి ఒకటి బంగారు వన్నెతో విచ్చుకుని ప్రవాహాన్ని తడుముతోంది. చీలిన ఉక్కు పలకల అంచుల నుంచి మెత్తని పగడాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. దీపం వెలిగించి చూస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది. నీలి బూడిదగా కనిపించినవన్నీ కుంకుమ ఎరుపు, మందార గులాబీ, పండిన నారింజ, వంకాయ ఊదాగా భగ్గుమంటాయి. రంగులు పోయాయనుకున్నాం. అవి ఎక్కడికీ పోలేదు. సూర్యుడి ఎర్రని కిరణాన్ని పైనీరు తాగేసింది, అంతే. ఇక్కడి అందం ఎవరూ చూడని చీకటిలోనూ తన రంగును తాను కాపాడుకుంటూ ఉంది.

ఆ మెత్తని పగడాలు ప్రవాహం ఆగినప్పుడు ముడుచుకుపోయి, ముడతలు పడ్డ చిన్న మొద్దుల్లా ఉంటాయి. నీరు కదలడం మొదలవగానే తమ గొట్టాల్లోకి నీటిని నింపుకుని, పాలపొంగులా లేచి, వేల నోళ్లు తెరుచుకుంటాయి. ఓడంతా ఒక్కసారిగా పూతకు వస్తుంది.

ఓడ నడుమ పెద్ద చీలిక. దానిలోంచి పైకి చూస్తే సూర్యకాంతి పొడవైన వాలు స్తంభాలుగా దిగుతోంది. ఆ స్తంభాల మధ్య గాజుచేపల గుంపు ఒకటి వేలాడుతోంది. వాటి దేహాల్లోంచి వెలుగు అవతలి దాకా ప్రసరిస్తుంది. వెన్నుపూస దారంలా కనిపిస్తుంది. వేట చేప ఒకటి అటువైపు కన్నెత్తితే చాలు, గుంపంతా ఒకే ఆలోచనతో మెలితిరిగి, చీలి, మళ్లీ కలుస్తుంది. ఇంకో మూల స్వీట్‌లిప్స్ అనే మచ్చల చేప నోరు పూర్తిగా తెరిచి కదలకుండా నిలబడింది. సన్నని నీలపు చారల శుభ్రక చేప ఒకటి ఆ నోట్లోకి నిర్భయంగా వెళ్లి, పళ్ల సందుల్లో, మొప్పల కింద పరాన్నజీవులను ఏరుకుని, మరో పక్కనుంచి బయటకు వస్తుంది. ఆ కొద్ది క్షణాలు ఆకలికీ భయానికీ అక్కడ ప్రవేశం లేదు.

ఓడ మీద నీలపు నీటిలో మరో దృశ్యం కాచుకుని ఉంది. పెద్దకళ్ల పార చేపలు వందలుగా చేరి గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక చేప తోక వెనుక మరో చేప ముక్కు, ఒక వలయం మీద మరో వలయం. మెరిసే వెండి సుడి ఒకటి నీటి అడుగు నుంచి ఉపరితలం దాకా లేచి నిలబడినట్టుంది. మధ్యకు వెళ్లి తల ఎత్తితే ఆకాశం ఒక చిన్న వెలుగు చుక్క అవుతుంది, చుట్టూ నిలువెల్లా కళ్లు. ఏ చేప ఆజ్ఞ ఇస్తోందో, ఏది పాటిస్తోందో తెలియదు. నాయకుడు లేని ఆ నాట్యంలో ఒక్క అడుగు తప్పదు. అటు చూస్తూ ఎన్ని శ్వాసలు ఖర్చయ్యాయో మనిషి మర్చిపోతాడు. గాలి కొలత ముల్లు గుర్తుచేస్తే తప్ప కదలడు.

అగ్ని కట్టిన గోడ

తూర్పుగా సాగితే నల్లని ఇసుక వాలు హఠాత్తుగా ముగిసి గోడ మొదలవుతుంది. ఆగుంగ్ ఎప్పుడో కక్కిన లావా సముద్రాన్ని చేరి గడ్డకట్టిన గట్టు ఇది. ఒకవైపు పగడాలతో బరువెక్కిన నిలువు గోడ, మరోవైపు ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. కంటికి ఆనని, అడుగు తెలియని, ముదురు నీలపు ఖాళీ. అంచు దాటిన తొలి క్షణంలో పడిపోతామన్న భయం పాదాల్లో ఝల్లుమంటుంది. మరుక్షణం నీరు మనల్ని మోస్తుంది. పక్షికి తప్ప దక్కని అనుభవం ఒకటి రెక్కలు లేని మనిషికి ఇక్కడ దక్కుతుంది.

గోడ మీద ఒక్క చదరపు అడుగు కూడా ఖాళీ లేదు. మనిషి లోపల కూర్చోగలిగినంత పెద్ద పీపా స్పాంజీలు, నారింజ చెవుల స్పాంజీలు, బొంగరం బోర్లించినట్టున్న పసుపు గొట్టాలు, చీకటి గుహల పైకప్పున నారింజ పగడాల మొగ్గలు. ఒక పగుల్లోంచి నీలి రిబ్బన్ మలుగు తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఒంటి పొడవునా ఇంద్రనీలం, ముఖం మీద మండే పసుపు. పుట్టినప్పుడు నలుపు, మగదైతే నీలం, ముదిరి ఆడదైతే పసుపు. ఒకే జన్మలో మూడు రంగుల వస్త్రాలు మార్చే ప్రాణి. ఇంకొంచెం దిగువన ఒక డేగముక్కు తాబేలు గోడకు ముందుకాళ్లు ఆనించి స్పాంజీని తాపీగా చీల్చి తింటోంది. దాని డిప్ప మీద తేనె, గోధుమ, నలుపు రంగులు ఎండిన ఆకుల గీతల్లా అల్లుకున్నాయి.

సుమారు 30 మీటర్ల లోతున సముద్రపు విసనకర్ర ఒకటి ఉంది. మనిషి చాచిన చేతుల కన్నా వెడల్పైనది. గార్గోనియన్ అనే ఈ పగడం ప్రవాహానికి సరిగ్గా అడ్డంగా పెరుగుతుంది. నీరు ఏ దిక్కున నడుస్తుందో ఏళ్ల తరబడి చదివి, దానికి లంబంగా తన జాలాన్ని పరిచింది. ప్రతి సన్నని కొమ్మ మీద పాలిప్‌లనే బుల్లి పగడపు జీవులు వేలు, ప్రతి పాలిప్‌కూ ఎనిమిది వేళ్లు. ఆ వేళ్లన్నీ కదులుతుంటే విసనకర్ర అంతా సన్నగా వణుకుతున్నట్టుంటుంది.

ఇలాంటి విసనకర్రల మీదే ఈ సముద్రం తన అతి సూక్ష్మమైన శిల్పాన్ని దాచుకుంది. మరుగుజ్జు సముద్రపు గుర్రం! తోక కొస నుంచి ముక్కు కొస దాకా రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. అప్పుడే పుట్టిన పిల్లయితే బియ్యపు గింజ కన్నా చిన్నది. పాలరంగు ఒంటి మీద గులాబీ బుడిపెలు. ముడుచుకున్న పాలిప్‌లు ఎంతున్నాయో ఆ బుడిపెలూ అంతే, ఏ రంగులో ఉన్నాయో ఆ రంగే. ఆ కొమ్మ మీద అది ఉందని ఎవరైనా వేలు చూపి చెప్పినా కళ్లు ఒప్పుకోవు. ఇంత గొప్పగా దాగుడుమూతలు ఆడే ప్రాణిని మనిషి కావాలని వెతికి కనుగొనలేదు. 1969లో న్యూ కలెడోనియాలో జార్జ్ బార్గిబాంట్ అనే పరిశోధకుడు ఒక సముద్రపు విసనకర్రను సేకరించి పరిశీలిస్తుండగా, దాని కొమ్మను పట్టుకుని ఒక జీవి కనిపించింది. ఆ జాతికి ఆయన పేరే పెట్టారు.

2014లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారు ఈ బుల్లి గుర్రాలను తొలిసారిగా తొట్టెలో పెంచినప్పుడు ఒక రహస్యం విచ్చుకుంది. తల్లిదండ్రుల రంగు ఏదైనా, పిల్లలు తాము చేరుకున్న పగడపు రంగునే ఒంటికి పట్టించుకున్నాయి. వంశం ఇచ్చిన రంగు కన్నా తలదాచుకున్న చోటు ఇచ్చిన రంగే వాటి ఒంటిని తీర్చింది. ఎదిగాక ఆ ఒక్క విసనకర్రే వాటికి లోకం. దాని మీదే జత కడతాయి. దాని మీదే మగగుర్రం తన కడుపు సంచిలో పిల్లలను మోసి, కంటికి ఆనని నల్లని నలుసులుగా నీటిలోకి వదులుతుంది.

పచ్చదనం దొంగిలించే గొర్రె

గోడ నుంచి ఒడ్డు వైపు మళ్లి, తక్కువ లోతుల నల్లని ఇసుక మీద మోకాళ్లు ఆనించకుండా తేలుతూ ఆకుపచ్చని నాచు పలకల్ని పరీక్షగా చూడాలి. భూతద్దం ఉంటే మంచిది. సెంటీమీటరు కూడా లేని ఒక జీవి ఆ నాచును మేస్తూ కనిపిస్తుంది. తెల్లని మొహం, దగ్గరదగ్గరగా రెండు నల్లని చుక్కల కళ్లు, గొర్రె చెవుల్లాంటి రెండు స్పర్శకాలు, వీపంతా గులాబీ కొసలున్న పచ్చని మొగ్గలు. కోస్టాసియెల్లా అనే నత్తజాతి జీవి ఇది. డైవర్లు ముద్దుగా ఆకుగొర్రె అంటారు. నాచును పీల్చి, దానిలోని హరితరేణువులను జీర్ణం చేసుకోకుండా తన వీపు మొగ్గల్లో భద్రంగా దాచుకుంటుంది. అవి అక్కడ కూడా కొన్నాళ్లు ఎండను పట్టుకుంటూనే ఉంటాయి. జంతువు ఒంటి మీద ఆకు వెలిగే ఈ అద్భుతం ముందు, మొక్క ఎక్కడ ఆగుతుందో ప్రాణి ఎక్కడ మొదలవుతుందో అని మనం గీసుకున్న గీత చిన్నబోతుంది.

ఇంత వైవిధ్యం ఇక్కడే ఎందుకు పోగుపడింది? బాలి, పగడపు త్రిభుజం అని పిలిచే మహాసముద్ర సీమలో ఒక కొస. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి సోలమన్ దీవుల దాకా పరచుకున్న ఆ సీమలో ప్రపంచంలోని పగడపు జాతుల్లో మూడొంతులకు పైగా ఉన్నాయి. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రానికి పారే మహాప్రవాహంలో ఒక పాయ లొంబోక్ జలసంధి గుండా సాగుతుంది. కోటానుకోట్ల గుడ్లు, లార్వాలు, ఆహారపు కణాలు ఆ ప్రవాహంలో తేలివస్తాయి. నీరు తేటగా ఉంటుంది. మన ఆంధ్ర తీరాన గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు పొలాలకు ప్రాణం పోస్తుంది, నీటిని మాత్రం గోధుమరంగుకు తిప్పుతుంది. వెలుగు అందని ఆ నీటిలో పగడాలు దిబ్బలు కట్టుకోలేవు. ఇక్కడ పెద్ద నదులు లేవు. ఉన్నదల్లా కొండ, ఎండ, పారే నీలం.

రాత్రి కాపలా

సూర్యుడు ఆగుంగ్ వెనక్కి జారిపోయాక ఇదే నీటిలో మరో లోకం తెర ఎత్తుతుంది. పగలంతా మొగ్గలుగా ముడుచుకున్న నారింజ పగడాలు బంగారు రేకులు విప్పుతాయి. బూడిదరంగు దిమ్మలన్నీ వేళ్లు చాచి తారాడే నీటిని తడుముతాయి. ఓడ పలకల మీద స్పానిష్ డాన్సర్ అనే ఎర్రని సముద్రపు నత్త పాకుతూ వచ్చి, అంచు దాటగానే తన పట్టు కుచ్చిళ్లను విప్పుకుని, ఒక్కో అల ఒంటి పొడవునా పారుతుండగా నీటిలోకి ఎగురుతుంది. చీకటి గదుల్లో చిన్న చిన్న నీలిపచ్చ వెలుగులు మిణుకుమంటాయి. కంటి కింద సంచిలో వెలుగునిచ్చే బాక్టీరియాకు చోటిచ్చిన చేపలవి. సంచిని తిప్పి మూసి వెలుగును ఆర్పుతాయి, మళ్లీ తెరుస్తాయి. అప్పటికి చిలుకచేపల మంద తిరిగి వచ్చి, తమకు అలవాటైన ఉక్కు మూలల్లో ఒదిగి నిద్రపోతుంటుంది.

మన దీపం ఆర్పి చేయి ఊపితే వేళ్ల సందుల్లోంచి నీటి నిప్పురవ్వలు రాలతాయి. కదలికకు మెరిసే సూక్ష్మజీవులవి. కొండ నిప్పు చూసిన ఈ తీరంలో చల్లని నిప్పు కూడా ఉంది.

ఆసరా ఇస్తే చాలు

లిబర్టీనీ లావా గోడనూ ఒకే రోజున చూసినవారికి ఒక సత్యం తేటగా బోధపడుతుంది. పగడపు లార్వా నీటిలో తేలుతూ వచ్చినప్పుడు అది వెతికేది ఒక గట్టి ఆసరా, కాస్త వెలుగు, కదిలే నీరు. తన కాలికి తగిలింది కొండ కక్కిన రాయా, యుద్ధం వదిలేసిన ఉక్కా అని అది అడగదు. టార్పెడో గాయం దానికి గుహ అయింది, ఫిరంగి దానికి కొమ్మ అయింది. వెయ్యి మందిని బలిగొన్న విలయమే ఈ ఓడను నీటికిచ్చి, లెక్కలేనన్ని ప్రాణాలకు ఇల్లు చేసింది. పోయిన మనుషులకు ఇది ఓదార్పు కాదు, కాకూడదు. సృష్టి మాత్రం తన చేతికి అందిన దేన్నీ వృథాగా వదలదు. ఆ పట్టుదల ముందు తల దానంతటదే వంగుతుంది.

ఈ లోకం గట్టిదని భ్రమపడకూడదు. ఉప్పునీరు లిబర్టీ ఉక్కును ఏటా కొంత తినేస్తూనే ఉంది. పలకలు కుంగుతున్నాయి, దూలాలు విరుగుతున్నాయి. అది సహజమే, కూలినచోట మళ్లీ పగడం పట్టుకుంటుంది. పగడం తట్టుకోలేనిది వేడినే. పగడానికి రంగునూ ఆహారాన్నీ ఇచ్చేది దాని కణాల్లో కాపురముండే సూక్ష్మమైన శైవలాలు. నీరు మామూలు కన్నా కొద్దిగా ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ చెలిమి చెదిరి, పగడం పాలిపోయి తెల్లబడుతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలాంటి పాలిపోవడం సాగుతోందని ప్రకటించారు. నిప్పును, యుద్ధాన్ని, తుప్పును ఓర్చుకుని ఇల్లు కట్టిన జీవం ఒకటి రెండు డిగ్రీల వేడి ముందు నిస్సహాయంగా నిలబడుతోంది.

ఈ గోడ దగ్గరకు వెళ్లే ప్రతి డైవరూ మొదట నేర్చుకునేది దేన్నీ తాకకుండా తేలడం. వేలు తగిలినా, ఈతరెక్క విసురు తగిలినా ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. ఊపిరిని కొలిచి, ఒంటిని సమంగా నిలిపి, ఇసుక కూడా లేవకుండా కదలడం ఒక మర్యాద. గర్భగుడి ముందు గొంతు తగ్గించడం లాంటిది. ఒడ్డున ఉండిపోయే కోట్లాది మందిమి మనం కూడా ఆ మర్యాదకు బద్ధులమే. మనం కాల్చే బొగ్గు, నూనె వేడెక్కించేది చివరికి ఈ నీటినే. లొంబోక్ జలసంధిని దాటిన నీరు కలిసేది మన తీరం ఆనుకున్న హిందూ మహాసముద్రంలోనే. జీవానికి ఆసరా కొండైనా ఇస్తుంది, మునిగిన ఓడైనా ఇస్తుంది. అది బతకగలిగే చల్లదనాన్ని నిలిపి ఉంచే పని మాత్రం మనుషులదే.